ఎడారిలో నీటి లెక్క
(ఒమాన్ దేశాన్ని మన పిల్లలకు పరిచయం చేసే పాఠం)

ఎడారి అనగానే మన పిల్లల మనస్సులో మెదిలే చిత్రం ఒక్కటే. కనుచూపు మేర ఇసుక తిన్నెలు, ఒక ఒంటె, నడినెత్తిన మండే సూర్యుడు. ఎడారి దేశంలోనే పుట్టి, అక్కడి పాఠశాలలోనే చదువుకొంటున్న పిల్లలు సైతం ఇదే బొమ్మను గీస్తారు. ఇందుకు వారిని తప్పు పట్టలేము. ఎయిర్ కండిషనర్ ఉన్న ఇంటి నుండి ఎయిర్ కండిషనర్ ఉన్న బస్సులో బడికి పోయి వచ్చే బిడ్డకు, ఆ రెంటి నడుమ ఉన్న నేలతో పరిచయం కలిగే అవకాశం స్వల్పం. పాఠ్యపుస్తకాలు భారతదేశపు నదులను, పంటలను బోధిస్తాయి. సెలవులు రాగానే విమానం ఎక్కి అమ్మమ్మ గారి ఊరికి వెళతారు. ఈ విధంగా పది పన్నెండేండ్లు ఒక దేశపు నీరు త్రాగి పెరిగి, ఆ నీరు ఎక్కడ నుండి వచ్చినదో తెలియకుండానే పై చదువులకు ఆ దేశాన్ని విడిచి వెళ్లిపోయేవారు అనేకులు.

దీని వలన కలిగే నష్టం పుస్తక జ్ఞానానికి సంబంధించినది మాత్రమే కాదు. 2024 ఏప్రిల్ నెల మధ్యలో కురిసిన భారీ వర్షాలకు ఒమాన్ ఉత్తర ప్రాంతంలోని వాగులు పొంగినపుడు, బడిపిల్లలు వాహనంతో సహా కొట్టుకొనిపోయి ప్రాణాలు కోల్పోయారు. నీరు లేని దేశమని పేరుపడిన చోట నీటి వలననే మరణాలు సంభవించడం మనకు వింతగా తోచవచ్చును. ఆ నేల స్వభావం తెలిసినవారికి అది వింత కాదు.

ఒమాన్‌ను పిల్లలకు పరిచయం చేయదలచిన తల్లిదండ్రులు ఒక సూత్రాన్ని పట్టుకొంటే చాలును. అక్కడ మనిషి, చెట్టు, జంతువు అన్నీ నీటిని లెక్కపెట్టుకొని బ్రతకడం నేర్చుకొన్నవే. ఆ లెక్క బోధపడితే అక్కడి భూగోళం, వ్యవసాయం, ఆచార వ్యవహారాలు ఒకదాని వెంట ఒకటిగా అర్థమవుతాయి. ఎనిమిదేండ్లు దాటిన పిల్లలకు చెప్పదగిన రీతిలో ఆ లెక్కను ఆరు భాగాలుగా ఇక్కడ వివరిస్తున్నాము.

1. వాన లెక్క

ఒక మిల్లీమీటరు వాన కురిసినదంటే, ఒక చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరు పడినదని అర్థం. పిల్లలకు మొదట ఈ విషయం చెప్పాలి. మన రాష్ట్రంలో కరవు సీమగా పేరొందిన అనంతపురంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మస్కట్ నగరంలో కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లు. అనగా ఒక చదరపు మీటరు నేలకు ఏడాది పొడవునా దక్కేది ఆరేడు బక్కెట్ల నీరు మాత్రమే. కొన్ని సంవత్సరాలలో అదీ ఉండదు. ఎండ ధాటికి ఆవిరైపోగల నీరు మాత్రం ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైమాటే. జమ తక్కువ, ఖర్చు ఎక్కువ. ఇదే ఎడారి లెక్క.

అయితే ఒమాన్ అంతా ఇసుక కాదు. దక్షిణాన, పడమట రుబ్ అల్ ఖాలీ అనే మహా ఇసుకసముద్రపు అంచు ఉన్నప్పటికీ, ఉత్తరాన హజర్ పర్వతశ్రేణి నిలిచి ఉన్నది. అందులోని జబల్ షమ్స్ శిఖరం ఎత్తు సుమారు 3,000 మీటర్లు. జబల్ అఖ్దర్ పీఠభూమిపై గులాబీలు, దానిమ్మలు పండుతాయి. ఈ కొండలపై పల్లపు ప్రాంతాల కంటె ఎక్కువ వాన పడుతుంది. అది బండల పగుళ్లలోనికి ఇంకి, కొండల పాదాల వద్ద గులకరాళ్ల పొరలలో నిలువ ఉంటుంది. దేశానికి ఇదే పాతకాలపు నీటి ఖజానా.

ఇంకని నీరు ఏమవుతుంది? కొండలపై మట్టి లేదు, అడవి లేదు. వాన పడిన వెంటనే నీరంతా నునుపైన రాతి మీదుగా లోయలోనికి జారుతుంది. ఇట్టి లోయను, అందులోని ఎండిన వాగును 'వాదీ' అంటారు. ఎక్కడో దూరాన కొండపై ఉరుములు వినిపిస్తూ, మన నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉన్నపుడు కూడా నిమిషాల వ్యవధిలో వాదీ పొంగవచ్చును. 2007 జూన్‌లో వచ్చిన గోను తుపాను సమయంలో మస్కట్ నగర వీథులే వాదీలుగా మారాయి. కనుక ఎండిన వాదీలో గుడారం వేయరాదు. పారుతున్న వాదీని కారులో దాటే ప్రయత్నం ఎన్నటికీ చేయరాదు. ఈ పాఠంలో పిల్లలు తప్పక కంఠస్థం చేయవలసిన వాక్యాలు ఈ రెండే.

2. నేల క్రింది కాలువ

కొండ పాదాన భూగర్భంలో ఉన్న నీటిని, పంపు లేకుండా, ఎద్దులతో తోడకుండా, కొన్ని కిలోమీటర్ల దూరాన ఉన్న ఊరికి తేవడం ఎట్లు? దీనికి ఒమాన్ ప్రజల పూర్వులు చెప్పిన సమాధానమే 'ఫలజ్'. బహువచనంలో 'అఫ్లాజ్' అంటారు.

కొండ దిగువన మొదట ఒక లోతైన బావి త్రవ్వుతారు. దానిని తల్లిబావి అంటారు. అందులో నీరు పడిన పిమ్మట, ఆ మట్టం నుండి ఊరి వైపుగా ఒక సొరంగం త్రవ్వుకొంటూ వస్తారు. సొరంగపు వాలు అతి స్వల్పం. స్థూలంగా వెయ్యి మీటర్ల దూరానికి ఒక మీటరు చొప్పున ఉంటుంది. వాలు ఎక్కువైతే నీటి వేగానికి కాలువ కోసుకొనిపోతుంది. తక్కువైతే ఒండ్రు పేరుకొని పూడిపోతుంది. నేల ఉపరితలం సొరంగం కంటె ఎక్కువ వాలుగా ఉంటుంది కనుక, కొంత దూరం పోయేసరికి సొరంగం తనంతట తానే భూమి పైకి తేలుతుంది. నీటిని మోసుకొచ్చే పని భూమ్యాకర్షణ శక్తిదే. మార్గమధ్యంలో గాలి, వెలుతురు కొరకు, మట్టి తోడుట కొరకు వరుసగా నిలువు గోతులు ఉంటాయి. నీరు నేల క్రింద ప్రవహించడం వలన ఆవిరి నష్టమూ తక్కువ.

ఇట్టి భూగర్భపు ఫలజ్‌ను దావూదీ అంటారు. దావూద్ ప్రవక్త కుమారుడైన సులేమాన్ ఆజ్ఞపై జిన్నులు ఈ కాలువలను త్రవ్వాయని స్థానిక గాథ. వాదీలో పారే నీటిని మళ్లించేది గైలీ. ఊట నుండి వచ్చేది ఐనీ. అడ్డంగా వాదీ వచ్చినచోట, కాలువ నీటిని ఒక ప్రక్క గొట్టం వంటి నిలువు మార్గంలోనికి దింపి, వాదీ అడుగు నుండి తీసుకొనిపోయి, అవతలి ప్రక్క మరల పైకి తెస్తారు. నీరు తన మట్టాన్ని తానే వెదకుకొంటుందన్న భౌతికశాస్త్ర సూత్రానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఒమాన్‌లో నేటికీ సుమారు 3,000 ఫలజ్‌లు పనిచేస్తున్నాయి. వీటిలో అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. నిజ్వాలోని ఫలజ్ దారిస్, బిర్కత్ అల్ మౌజ్‌లోని ఫలజ్ అల్ ఖత్మైన్, ఇజ్కీలోని ఫలజ్ అల్ మల్కీ వాటిలోనివే. ఖత్మైన్ కాలువ ఒకచోట మూడు సమభాగాలుగా చీలుతుంది. పిల్లలను అక్కడ నిలబెట్టి ఆ మూడు పాయలను చూపిస్తే, సమభాగం అన్న మాటకు వేరే వివరణ అక్కరలేదు.

చేసి చూడండి: పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం ఒకటి తీసుకొని సగం నీటితో నింపి, 'ఉ' ఆకారంలో వంచి పట్టుకోండి. ఒక కొసను పైకెత్తినా దించినా రెండు ప్రక్కలా నీటిమట్టం సమానంగానే ఉండడం గమనించమనండి.

3. అరగంట వంతు

ఊరిలోనికి వచ్చిన నీటికి ఒక వరుస ఉన్నది. కాలువ వెలికి వచ్చిన మొదటి చోటు త్రాగునీటికి. తరువాత మసీదు వద్ద ముఖం, కాళ్లు, చేతులు కడుగుకొనుటకు. ఆ దిగువన స్నానాలకు, బట్టలుతుకుటకు. అటు పిమ్మటనే పొలాలకు. పై వారు మురికి చేయరాదు, క్రింది వారు పై వారిని దాటి తోడుకొనరాదు. కాలువ వెంట నడిచే ఓపిక ఉన్న పిల్లవాడు ఈ వరుసను కన్నులారా చూడగలడు.

పొలాలకు నీటిని కాలంతో కొలుస్తారు. ఒక 'అసర్' అంటే సుమారు అరగంట సేపు పారే నీరు. రోజుకు 48 అసర్లు. వంతు ఎనిమిది రోజులకొకసారి తిరిగి వస్తుందనుకొంటే, ఊరి మొత్తానికి 384 అసర్లు. ఒక కుటుంబానికి ఆరు ఉండవచ్చును, మరొకరికి ఒక్కటే ఉండవచ్చును. ఈ వంతులను కొనవచ్చు, అమ్మవచ్చు, కౌలుకీయవచ్చు, బిడ్డలకు వారసత్వంగా ఇవ్వవచ్చును. కొన్ని వంతులు ఫలజ్ పేరిటనే ఉంటాయి. వాటిని వేలం వేసి, వచ్చిన సొమ్ముతో కాలువకు మరమ్మతులు చేయిస్తారు. ఈ వ్యవహారమంతా చూచేందుకు ఒక వకీల్, వంతుల కాలాన్ని పర్యవేక్షించేందుకు ఒక అరీఫ్ ఉంటారు. మన తెలంగాణ చెరువుల క్రింద నీరటి, రాయలసీమలో నీరుగంటి చేసిన పనికి, ఈ అరీఫ్ చేసే పనికి ఎంతో పోలిక ఉన్నది.

గడియారం లేని రోజులలో అరగంటను కొలిచినదెట్లు? పగలు నీడతో. ఒక నిలువు కొయ్యను పాతి, నేలపై గీతలు గీచి, నీడ ఒక గీత నుండి మరొక గీతకు జరిగే కాలాన్ని లెక్కించేవారు. రాత్రి నక్షత్రాలతో. భూమి తన చుట్టూ తాను 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది కనుక, ఆకాశం గంటకు 15 డిగ్రీలు, ఒక అసర్ కాలంలో ఏడున్నర డిగ్రీలు పడమరకు జరిగినట్లు కనబడుతుంది. కొండ అంచు మీదనో, గోడ మీదనో తెలిసిన నక్షత్రం ఉదయించగానే ఒకరి వంతు ముగిసి మరొకరి వంతు మొదలయ్యేది. చాలా గ్రామాలలో ఇప్పుడు చేతిగడియారమే వాడుతున్నారు.

ఇక్కడ మన పిల్లలకు ఒక ఆనందదాయకమైన సంగతి చెప్పవచ్చును. మనము కృత్తికలు అనే నక్షత్రాల గుంపును అరబ్బులు సురయ్యా అంటారు. దాని వెంటనే ఉదయించే మన రోహిణిని దబరాన్, అనగా వెంబడించునది, అంటారు. చంద్రుని మార్గాన్ని మనము 27 నక్షత్రాలుగా విభజించుకొంటే, వారు 28 మజిలీలుగా విభజించుకొన్నారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన రైతు అన్నట్లే, వేసవిలో వేకువజామున సురయ్యా తూర్పున కనబడే దినాలను ఎండల ముదురుకు గుర్తుగా అరబ్బులు ఎంచారు.

చేసి చూడండి: చేయి చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. నగరపు దీపాలకు దూరంగా పోయిన రాత్రి, ఒక నక్షత్రం ఒక పిడికిలి దూరం జరగడానికి ఎంత కాలం పట్టినదో కొలవమనండి. సుమారు 40 నిమిషాలని వారే కనుగొంటారు.

4. నీటికి మొదటి హక్కుదారు

ఫలజ్ నీటిలో ప్రథమ స్థానం ఖర్జూర వృక్షానిది. ఏటికేడాది వేసే పంటలను నీరు పుష్కలంగా ఉన్నపుడు ఎక్కువ విస్తీర్ణంలోను, కరవునాడు తక్కువ విస్తీర్ణంలోను వేస్తారు. చెట్టు అట్లు కాదు. ఒకసారి ఎండినచో మరల పెరుగుటకు ఏండ్లు పడుతుంది. అందుకే తోటలు కాలువకు దగ్గరగా, ధాన్యపు మడులు దూరంగా ఉంటాయి. పాదాలు నీటిలో, తల నిప్పులో ఉండాలని ఖర్జూరాన్ని గురించి అరబ్బులు చెప్పుకొనే సామెత శాస్త్రసమ్మతమే. వేళ్లకు తడి, పండ్లకు ఎండ రెండూ కావాలి.

మన ఊళ్లలోని ఈతచెట్టు ఈ ఖర్జూరానికి దగ్గరి చుట్టమే. రెండూ ఫీనిక్స్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. రెండింటిలోను మగచెట్లు వేరు, ఆడచెట్లు వేరు. ఒమాన్ రైతు మగపూల రెమ్మలను కోసి, ఆడచెట్టు ఎక్కి, పూలగుత్తులలో తానే పుప్పొడిని అందిస్తాడు. ఒక మగచెట్టు సుమారు యాభై ఆడచెట్లకు సరిపోతుంది కనుక, విలువైన నీటిని కాయని చెట్లకు ధారపోయవలసిన పని లేదు. గింజ నాటితే సగం మగ మొక్కలే వస్తాయి. తల్లిచెట్టు మొదట పుట్టిన పిలకను నాటితే ఆ తల్లి గుణమే వస్తుంది. తోటలన్నీ ఈ విధంగా పిలకలతో పెంచినవే.

పండిన మెత్తని పండు రుతబ్, ఆరిన పండు తమ్ర్. చింతపండును అరబ్బీలో 'తమ్ర్ హిందీ' అంటారు. భారతదేశపు ఖర్జూరమని దాని అర్థం. మన పులుసులో పడే చింతపండుకు వారు పెట్టుకొన్న ఈ పేరు విని పిల్లలు నవ్వుకొంటారు. ఆ పేరును మరచిపోరు. ఖర్జూర వృక్షానికి సంబంధించిన విజ్ఞానాన్ని, ఆచారాలను 2019లో ఒమాన్‌తో సహా 14 అరబ్బు దేశాల ఉమ్మడి వారసత్వంగా యునెస్కో తన జాబితాలో చేర్చినది. ఈనాడు ఆ తోటలలో చెట్లెక్కి పనిచేసేవారిలో దక్షిణాసియా నుండి వచ్చిన కూలీలు ఎందరో ఉన్నారు. పిల్లలకు ఆ మాట కూడా చెప్పడం న్యాయం.

5. ఒంటె చేసే పొదుపు

ఒంటె మూపురంలో నీరు ఉంటుందని అనేకుల భావన. మూపురంలో ఉండేది కొవ్వు. కొవ్వంతా ఒకేచోట కుప్పగా ఉండడం వలన మిగిలిన శరీరం నుండి వేడి సులభంగా బయటికి పోతుంది. ఒంటె నీటి రహస్యం వేరే ఉన్నదని క్నూట్ ష్మిట్ నీల్సన్ అనే శాస్త్రవేత్త 1950ల దశకంలో సహారా ఎడారిలో పరిశోధించి తెలిపారు.

మన శరీర ఉష్ణోగ్రత ఎప్పుడూ 37 డిగ్రీల దగ్గరనే ఉండాలి. కొంచెం పెరిగినా చెమట పోస్తుంది. నీరు దొరకని ఒంటె శరీరం తెల్లవారుజామున 34 డిగ్రీలకు దిగి, మధ్యాహ్నానికి 40 డిగ్రీలు దాటుతుంది. పగలంతా వేడిని ఒంటిలోనే నిలువ చేసి, చల్లని రాత్రి విడిచిపెడుతుంది. పెద్ద ఒంటెకు ఈ ఉపాయం వలన రోజుకు నాలుగైదు లీటర్ల చెమట ఆదా అవుతుంది. విడిచే ఊపిరిలోని తడిని కూడా ముక్కులోపలి పొరలు తిరిగి పట్టుకొంటాయి. శరీరపు బరువులో నాలుగోవంతు నీటిని కోల్పోయినా ఒంటె తట్టుకొనగలదు. నీరు దొరికినపుడు ఒక్కమారుగా నూరు లీటర్లకు పైగా త్రాగగలదు.

ఎడారి రాత్రి ఎందుకు చల్లబడుతుందని పిల్లలు అడుగుతారు. గాలిలోని నీటి ఆవిరి భూమికి దుప్పటి వంటిది. నేల విడిచే వేడిని అది పట్టి ఉంచుతుంది. లోపలి ఎడారిలో గాలి పొడిగా ఉంటుంది, మబ్బు ఉండదు. దుప్పటి లేని నేల త్వరగా చల్లబడి, శీతకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటె దిగువకు పోతుంది. మస్కట్ సముద్రతీరంలో ఉన్నది కనుక అక్కడి వేసవి రాత్రి మన కోస్తా జిల్లాల రాత్రి వలెనే ఉక్కపోస్తుంది.

6. నేటి కుళాయి, నాటి మర్యాద

మన ఇంటి కుళాయిలోని నీరు ఎక్కడిది? మస్కట్‌లో దానికి ప్రధాన ఆధారం సముద్రం. 1976లో ఘుబ్రా వద్ద ఉప్పునీటిని మంచినీరుగా మార్చే కేంద్రం పని మొదలుపెట్టినది. మొదటి పద్ధతి కాచి ఆవిరిని చల్లార్చడం. ఇప్పుడు అధికంగా వాడే పద్ధతిలో, ఉప్పును దాటనీయని సన్నని పొర గుండా సముద్రపు నీటిని గొప్ప ఒత్తిడితో నెడతారు. రెండింటికీ ఎంతో ఇంధనం ఖర్చవుతుంది. ఫలజ్ నీటిని భూమ్యాకర్షణ ఉచితంగా తెచ్చేది. కుళాయి నీటి ప్రతి చుక్క వెనుక చమురో, సహజవాయువో, విద్యుత్తో ఉన్నది. పళ్లు తోముకొనేటప్పుడు కుళాయి కట్టమని చెప్పుటకు ఇంతకంటె వేరే కారణం అక్కరలేదు.

నీటి కొరత ఉన్నచోట బాటసారికి ఆతిథ్యం ప్రాణదానం వంటిది. ఒమాన్ ఇంటికి వెళ్లిన అతిథికి మొదట ఖర్జూరాలు, తరువాత ఏలకుల వాసన వేసే కాఫీ ఇస్తారు. చిన్న గిన్నె, అందులో కొద్దిపాటి కాఫీ. ఖాళీ కాగానే మరల పోస్తారు. చాలునని చెప్పదలచిన అతిథి గిన్నెను అటూ ఇటూ కదిపి తిరిగి ఇస్తాడు. ఇచ్చి పుచ్చుకొనుట కుడిచేతితోనే. ఈ కాఫీ మర్యాదను 2015లో యునెస్కో నాలుగు అరబ్బు దేశాల వారసత్వంగా గుర్తించగా, వాటిలో ఒమాన్ ఒకటి. ఇంటికి వచ్చినవారికి కాళ్లు కడుగుకొనుటకు నీళ్లిచ్చి, మంచినీళ్లు అందించే మన సంప్రదాయం తెలిసిన పిల్లలకు ఈ మర్యాద పరాయిదిగా తోచదు.

తల్లిదండ్రులకు మనవి

పైన చెప్పిన పాఠానికి పెద్ద ఖర్చు లేదు. మస్కట్ నుండి నిజ్వాకు కారులో రెండు గంటల లోపు ప్రయాణం. చలికాలంలో ఒక శుక్రవారం ఫలజ్ దారిస్ వద్దకు పిల్లలను తీసుకొనిపోండి. కాలువ గట్టున నడిపించండి. నీటి వరుసను వారి చేతనే గుర్తింపజేయండి. తోటలో ఎవరైనా పెద్దాయన కనబడితే సలాం చెప్పి, ఆయన వంతు ఎన్ని అసర్లో పిల్లల చేత అడిగించండి. త్రాగునీటి చోట కాళ్లు పెట్టరాదని, తోటలోనికి అనుమతి లేకుండా పోరాదని ముందే చెప్పండి. వెళ్లే ముందు వాతావరణ హెచ్చరికలు చూచుకొనండి. ఇంటికి వచ్చిన తరువాత ఒక రోజంతా ఇంటిలో వాడిన నీటిని బక్కెట్లలో లెక్కవేయించి, ఒక చదరపు మీటరు నేలకు ఏడాదికి దక్కే ఆరేడు బక్కెట్లతో పోల్చమనండి.

రేపు ఈ పిల్లలు ఏ దేశంలో స్థిరపడినా, మీరు ఎక్కడ పెరిగారని ఎవరైనా అడుగుతారు. ఒమాన్‌లో అని చెప్పినపుడు, అక్కడ ఏమున్నదన్న రెండవ ప్రశ్న తప్పదు. అప్పుడు వారు భవనాలను, బజారులను మాత్రమే గాక, నేల క్రింద పారే కాలువను, అరగంట నీటిని, కొండ అంచున ఉదయించే కృత్తికలను కూడా వర్ణించి చెప్పగలగాలి. మనకు అన్నం పెట్టిన గడ్డను గురించి మన పిల్లలకు ఆ మాత్రం తెలియజేయడం మన బాధ్యత.